పాత స్టీల్ స్కూబా ట్యాంక్‌ని మళ్లీ నీళ్లలోకి తేవడం: ముద్రలు చదవడం నుంచి మొదటి డైవ్ దాకా

"పాత స్టీల్ ట్యాంక్ ఒకటి చేతికొచ్చింది. వాల్వ్ బిగుసుకుపోయింది, పైన రంగు లేచిపోయింది. బాగుచేసి వాడొచ్చా?" ఈ ప్రశ్న నన్ను తరచూ అడుగుతున్నారు. చాలావాటిని వాడొచ్చు. సరిగ్గా చూసుకున్న స్టీల్ ట్యాంక్ యాభై ఏళ్లు దాటాక కూడా పరీక్షలో నెగ్గుతుంది. అయితే పని వరస తప్పితే డబ్బు వృథా అవుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది.

ఎక్కువమంది రంగుతో మొదలుపెడతారు. నా మొదటి ట్యాంక్‌కి నేనూ అదే చేశాను. రెండు వారాలు కూర్చుని పాత రంగు గీకి, ప్రైమర్ వేసి, పసుపు రంగు కొట్టి, ఆ తర్వాత హైడ్రో టెస్ట్‌కి (నీటి ఒత్తిడితో చేసే బల పరీక్షకి) ఇచ్చాను. లోపల అడుగున లోతైన తుప్పు గుంతలు ఉన్నాయని పరీక్షించినాయన దాన్ని పనికిరాదని తేల్చేశాడు. ముందే వాల్వ్ విప్పి, లైటు వేసి పది నిమిషాలు చూసుంటే ఆ రెండు వారాల చాకిరీ తప్పేది.

ఇక్కడ నేను చెప్పేది ముఖ్యంగా ‘స్టీల్ 72’ అని అందరూ పిలిచే పాత అమెరికన్ ట్యాంక్ గురించి. దాని లోపలి పరిమాణం దాదాపు 12 లీటర్లు. పూర్తిగా నింపితే అందులో 2,000 లీటర్ల గాలి పడుతుంది. మిగతా పాత స్టీల్ ట్యాంకులకూ పద్ధతి ఇదే. అంకెలు మాత్రం వాటి మీది ముద్రల ప్రకారం తీసుకోవాలి.

ఎవరి పని ఏదో ముందే అనుకుందాం. శుభ్రం చేయడం, తుప్పు దులపడం, రంగు వేయడం, వాడుకలో జాగ్రత్తగా చూసుకోవడం మన పని. ట్యాంక్ పనికొస్తుందా లేదా అని తేల్చేది శిక్షణ పొందిన ఇన్‌స్పెక్టర్, హైడ్రో టెస్ట్ చేసే అధీకృత కేంద్రం. వాల్వ్ విప్పడం మీకు కొత్తయితే మొదటిసారి తెలిసినవాళ్ల పక్కన నిలబడి చేయండి.

## 1. ముందు భుజం మీది ముద్రలు చదవండి

ట్యాంక్ మెడ కింద, భుజం మీద అక్షరాలు, అంకెలు గుద్ది ఉంటాయి. రంగు కింద కప్పబడిపోతే మెత్తటి నైలాన్ బ్రష్‌తో, రంగు తీసే ద్రావకంతో నెమ్మదిగా బయటికి తీయండి. గ్రైండర్ పెట్టొద్దు. ముద్ర అరిగిపోతే ఆ ట్యాంక్‌ని ఎవరూ పరీక్షించరు, నింపరు.

స్టీల్ 72 మీద సాధారణంగా ‘ఐసీసీ 3ఏఏ 2250’ అనో ‘డీఓటీ 3ఏఏ 2250’ అనో ఉంటుంది. ఐసీసీ, డీఓటీ అమెరికా ప్రభుత్వ సంస్థల పేర్లు. ఐసీసీ అని ఉంటే ఇంకా పాతది, అంతే తేడా. 3ఏఏ అంటే క్రోమ్-మాలిబ్డినం మిశ్రమ ఉక్కుతో చేసిన అతుకు లేని సిలిండర్ల తరగతి. 2250 అనేది పీఎస్‌ఐలో (చదరపు అంగుళానికి పౌండ్లలో) పని పీడనం, అంటే సుమారు 155 బార్.

పక్కనే సీరియల్ నంబరు, తయారీ ముద్ర, ఆ తర్వాత వరసగా హైడ్రో తేదీలు ఉంటాయి. ఒక్కో తేదీలో నెల, మధ్యలో పరీక్షకుడి గుర్తు, ఆపైన సంవత్సరం. అన్నిటికంటే పాత తేదీయే ట్యాంక్ పుట్టిన తేదీ.

తేదీ తర్వాత ‘+’ గుర్తు ఉందేమో చూడండి. ఆ గుర్తు ఉంటే పని పీడనం మీద 10 శాతం ఎక్కువగా, అంటే 2,475 పీఎస్‌ఐ దాకా నింపవచ్చు. ట్యాంక్ పేరులోని 72 ఈ లెక్కతోనే వచ్చింది, 2,475 దగ్గర 71.2 ఘనపుటడుగులు. ‘+’ లేకపోతే 2,250 దగ్గరే ఆగాలి, అప్పుడు పట్టేది 65కి కాస్త తక్కువ. ఈ గుర్తు ఒక తేదీకి ఉన్నంత మాత్రాన తర్వాతి తేదీకి వర్తించదు. చివరి హైడ్రో తేదీ పక్కన ఉంటేనే లెక్క.

ఈ దశలోనే వదిలేయాల్సినవి:

- స్పెసిఫికేషన్ మీద ఎక్స్ గుర్తులు గుద్దిన ట్యాంక్. దాన్ని ఎవరో ఇదివరకే రద్దు చేశారు.
- మంటలో పడిన ఆనవాళ్లు ఉన్నది: కాలి నల్లబడిన రంగు, కరిగిన బూట్ (ట్యాంక్ అడుగున వేసే తొడుగు), వంగిన హ్యాండ్‌వీల్ (వాల్వ్ తిప్పే పిడి).
- వెల్డింగ్ చేసిన మచ్చ, గ్రైండింగ్ గాటు, ఉబ్బు, లోతైన సొట్ట ఉన్నది.
- చదవడానికి ముద్రలే లేనిది.

మెడ మర ఏ రకమో కూడా ఇప్పుడే తెలుసుకోండి. స్టీల్ 72లో ఎక్కువగా ఉండేది 3/4 అంగుళాల నిటారు మర, అంటే 3/4-14 ఎన్‌పీఎస్‌ఎం. ఇందులో గాలి బయటికి పోకుండా ఆపేది ఓ-రింగ్ అనే రబ్బరు వలయం. ఇంకా పాతవాటిలో 1/2 అంగుళం వాలు మర ఉంటుంది. అది ఓ-రింగ్‌తో కాకుండా టెఫ్లాన్ టేప్‌తో, బలమైన బిగింపుతో నిలుస్తుంది. వాలు మర ట్యాంక్ దొరికితే వాల్వ్ పనిని తెలిసిన కేంద్రానికే వదిలేయండి. ఇంట్లో బెంచీ మీద తేలేది కాదు.

## 2. గాలి పూర్తిగా వదలండి, జే-వాల్వ్‌ని నమ్మకండి

పాత ట్యాంకుల్లో అసలైన ప్రమాదం ఇక్కడే పొంచి ఉంటుంది. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పాత వాల్వ్‌లు రెండు రకాలు. కే-వాల్వ్ అంటే తెరవడం, మూయడం తప్ప వేరే పని లేనిది. జే-వాల్వ్‌కి పక్కన ఒక లీవర్ ఉంటుంది, లోపల స్ప్రింగు బలంతో మూసుకునే చిన్న మూత ఉంటుంది. లీవర్ పైకి ఉన్నప్పుడు ట్యాంక్‌లో పీడనం సుమారు 300 పీఎస్‌ఐకి పడిపోతే ఆ మూత గాలిని ఆపేస్తుంది. లీవర్ కిందికి లాగితే మిగిలిన గాలి వస్తుంది, దాన్నే రిజర్వ్ అంటారు. పీడనం చూపే గేజ్‌లు అందరి దగ్గరా లేని కాలంలో ‘గాలి అయిపోతోంది’ అని డైవర్‌కి తెలియజేసిన ఏర్పాటు అదే.

ఇప్పుడు ప్రమాదం చూడండి. లీవర్ పైకే ఉంచి మీరు హ్యాండ్‌వీల్ తిప్పారు. బుస్సుమని గాలి పోయింది, చప్పుడు ఆగింది. ట్యాంక్ ఖాళీ అనుకున్నారు. లోపల ఇంకా 20 బార్ పీడనం అలాగే ఉంది. ఆ స్థితిలో పానా పెట్టి వాల్వ్ విప్పితే అది తుపాకీ గుండులా లేస్తుంది.

కాబట్టి వరస ఇది:

1. ట్యాంక్‌ని పడిపోకుండా కట్టండి. కళ్లద్దాలు పెట్టుకోండి, చెవులకు రక్షణ ఉంచండి.
2. జే-వాల్వ్ అయితే లీవర్ పూర్తిగా కిందికి లాగండి. లాగే కడ్డీ లేకపోతే లీవర్‌ని చేత్తోనే తిప్పండి.
3. గాలి బయటికొచ్చే బెజ్జం మీకు, ఇతరులకు ఎదురుగా లేకుండా తిప్పి, హ్యాండ్‌వీల్‌ని కొద్దికొద్దిగా తెరవండి. గలగలా వదిలేస్తే వాల్వ్ మంచులా చల్లబడి లోపల తేమ పేరుకుంటుంది.
4. చప్పుడు ఆగాక కూడా వాల్వ్ తెరిచే ఉంచి అరగంట ఆగండి.
5. దారి నిజంగా తెరిచే ఉందో లేదో పరీక్షించండి. వాల్వ్ బెజ్జంలోకి తక్కువ పీడనంతో కాస్త గాలి పంపి, వదలగానే అది తిరిగి బయటికి వస్తోందేమో చూడండి. వస్తే దారి ఉంది. అసలు లోపలికి వెళ్లకపోతే తుప్పు పొడి దారి మూసేసి ఉండొచ్చు. అక్కడే ఆపి తెలిసినవాళ్లకు ఇవ్వండి.

ఇంకో మాట. ఏళ్ల తరబడి మూసి ఉంచిన స్టీల్ ట్యాంక్‌లోని గాలిని ఒక్క శ్వాస కూడా పీల్చొద్దు. తుప్పు పట్టడమంటేనే ఆక్సిజన్ ఖర్చవడం. లోపల కాస్త నీరు ఉండి ఏళ్లు గడిస్తే ఆక్సిజన్ స్పృహ తప్పించేంతగా పడిపోతుంది, ముక్కుకి మాత్రం ఏ తేడా తెలియదు.

## 3. వాల్వ్ విప్పడం

ట్యాంక్‌ని గుడ్డ చుట్టిన బిగింపులో గట్టిగా పట్టించండి. వాల్వ్ మీద పానా పట్టే చదును భాగాలుంటే అక్కడే పట్టండి. హ్యాండ్‌వీల్ కాడ మీద, యోక్ (డైవర్‌కి శ్వాసకి తగ్గ పీడనంలో గాలి ఇచ్చే రెగ్యులేటర్‌ని వాల్వ్‌కి పట్టించే బిగింపు) తగిలే ముఖం మీద బలం పెట్టకూడదు. సుత్తితో కొట్టకూడదు. మంట అసలే పెట్టకూడదు, ఎందుకంటే ఆ ఉక్కుకి బలం వేడి చికిత్సతోనే వచ్చింది, మళ్లీ కాలిస్తే పోతుంది.

బిగుసుకుపోతే మర అంచున చొచ్చుకుపోయే నూనె వేసి, ట్యాంక్‌ని నిటారుగా నిలబెట్టి ఒక రాత్రి వదిలేయండి. ఆ నూనె తర్వాత పూర్తిగా పోవాలి, ఒక్క చుక్క కూడా లోపల మిగలకూడదు.

నిటారు మర వాల్వ్ మొదటి పట్టు వదలగానే చేత్తో తిరగాలి. తిరిగేకొద్దీ గట్టిపడుతున్నా, సన్నగా బుస్సుమన్నా వెంటనే ఆపి తిరిగి బిగించండి. లోపల పీడనం ఉన్నట్టే.

వాల్వ్ వచ్చాక దాని కింద ఓ గొట్టం వేలాడుతోందా చూడండి. వేలంత పొడవుండే ఈ సన్నని గొట్టం వల్లనే, మీరు తలకిందులైనప్పుడు అడుగున ఉన్న తుప్పు పొడి, నీటి చుక్క నేరుగా రెగ్యులేటర్‌లోకి పోవు. చాలా పాత వాల్వ్‌లలో ఇది విరిగిపోయి ఉంటుంది. కొత్తది తప్పకుండా వేయించాలి.

## 4. లోపల చూడడం

తెల్ల గుడ్డ పరిచి ట్యాంక్‌ని దాని మీద తలకిందులు చేసి మెల్లగా తట్టండి. ఏం రాలిందో చూడండి. చిటికెడు నారింజ పొడి అయితే కంగారు లేదు. పెచ్చులు పెచ్చులుగా రాలితే లోపల తుప్పు లోతుకి దిగింది. నీళ్లు వస్తే రుచి చూడకండి, ఆరనిచ్చి చూడండి: తెల్లటి ఉప్పు మరక మిగిలితే సముద్రపు నీరు లోపలికి వెళ్లిందన్నమాట.

తర్వాత బూట్ తీసి, ట్యాంక్‌ని మెడ దగ్గర తాడుతో వేలాడదీసి చెక్క సుత్తితో తేలిగ్గా తట్టండి. బాగున్న ట్యాంక్ గుడి గంటలా ఖణేల్‌మని మోగి చాలాసేపు ఆ నాదం నిలుపుతుంది. లోపల తుప్పు మందంగా పట్టినదైతే డబ్బుమని మూగగా పలుకుతుంది. దీన్ని బట్టే నిర్ణయం తీసుకోకూడదు. కానీ నాలుగు ట్యాంకులు తట్టాక చెవికి తేడా తెలిసిపోతుంది.

ఇక లైటు. తీగ చివర చిన్న ఎల్‌ఈడీ ఉన్నది మెడలోంచి దించి, పంటి డాక్టర్లు వాడే లాంటి చిన్న అద్దంతో చూడండి. మెడ లోపలి వంపు నేరుగా కనబడదు, దానికి అద్దం కావాల్సిందే. అడుగు, అడుగుకీ గోడకీ కలిసే వంపు, ట్యాంక్ పడుకోబెట్టి ఉంచితే నీరు నిలిచే గోడ పొడవు, ఈ మూడు చోట్లా ఎక్కువసేపు చూడండి.

మీకు కనబడేవి ఇలా అర్థం చేసుకోండి:

- పల్చటి నారింజ పొడి, తుడిస్తే పోయేది: పైపై తుప్పు. దులిపితే పోతుంది.
- నల్లటి పల్చటి పొర: పాత తుప్పు. దులిపాక కింద ఉక్కు చూడాలి.
- అక్కడొకటి ఇక్కడొకటి చిన్న గుంతలు: లోతు కొలిచి ఇన్‌స్పెక్టర్ చెప్పాలి.
- గీత గీసినట్టు వరసగా గుంతలు: మామూలు గుంతలకంటే ప్రమాదం. గోడ బలం ఒకే గీత వెంట తగ్గుతుంది.
- లోపల పెయింట్ లాంటి పూత: కొన్ని పాత ట్యాంకులకి లోపల ప్లాస్టిక్, ఎపాక్సీ లాంటి పూత వేసేవారు. దానికి సూది బెజ్జం పడితే తుప్పు పూత కింద దాక్కుని పాకుతుంది. పూత పొక్కినా, లేచినా మొత్తం తీయించకుండా ఉక్కు సంగతి తెలియదు. చాలా కేంద్రాలు ఇలాంటివి నింపడానికే ఒప్పుకోవు.

చివరగా మెడ మరలు. నైలాన్ బ్రష్‌తో శుభ్రం చేసి, చుట్టూ తెగకుండా సాగే మరలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మర పోయిన చోట, పగులులా సన్నటి గీత కనబడిన చోట మన పని ఆగిపోతుంది. ఓ-రింగ్ కూర్చునే గాడిని కూడా చూడండి. అక్కడ తుప్పు గుంత ఉంటే కొత్త ఓ-రింగ్ ఎన్నిసార్లు మార్చినా గాలి కారుతూనే ఉంటుంది.

## 5. తుప్పు దులపడం

పైపై తుప్పుకి సరైన మందు దొర్లించడం. ట్యాంక్‌లో సగం వరకు పింగాణీ ముక్కలో అల్యూమినియం ఆక్సైడ్ ముక్కలో పోసి, పడుకోబెట్టి, రోలర్ల మీద నెమ్మదిగా తిప్పుతారు. ముక్కలు జారుతూ గోడని రుద్దుతాయి. కొన్ని గంటలకోసారి ఆపి, కడిగి, లైటు వేసి చూడాలి. ఉక్కు బూడిద రంగులో కనబడగానే ఆపేయాలి. అద్దంలా మెరవాలని రోజుల తరబడి తిప్పితే తుప్పు పోయాక అరిగేది గోడే.

గొలుసు ముక్కలు, మేకులు, కంకర వేసి ఊపడం చూశాను. గీతలు పడతాయి, ఆ గీతల్లోనే తర్వాత తుప్పు మొదలవుతుంది. యాసిడ్ పోయడం ఇంకా చెడ్డది. తుప్పుతో పాటు మంచి ఉక్కునీ తింటుంది, హైడ్రోజన్ ఉక్కులోకి చేరి పెళుసుదనం తెస్తుంది, సరిగ్గా కడగకపోతే మర్నాటికి మళ్లీ ఎర్రబడుతుంది.

అసలు కిటుకు దొర్లించడంలో లేదు, ఆరబెట్టడంలో ఉంది. తడి ఉక్కు కొన్ని నిమిషాల్లోనే నారింజ రంగుకి తిరుగుతుంది. అందుకని అంతా సిద్ధంగా పెట్టుకుని కడగండి:

1. ట్యాంక్‌లో వేడి నీళ్లు నింపి, లోహం కూడా వేడెక్కేదాకా ఉంచండి.
2. ఒక్కసారిగా పారబోసి, తలకిందులుగా నిలబెట్టండి.
3. వెంటనే పొడవాటి సన్న గొట్టాన్ని అడుగు దాకా పంపి, నూనె లేని పొడి గాలి వదలండి. మామూలు గ్యారేజీ కంప్రెసర్ గాలిలో నూనె, తేమ ఉంటాయి, అది వద్దు. ఇంకో స్కూబా ట్యాంక్ గాలిని తక్కువ పీడనంలో వాడండి.
4. లోహం వేడి ఉండగానే లోపలి తడి ఆవిరైపోవాలి. లైటు వేసి అడుగు చూడండి. తడి మెరుపు లేకపోతే మెడని శుభ్రమైన మూతతో మూయండి.

## 6. హైడ్రో టెస్ట్

అమెరికా నిబంధనల్లో ఈ ట్యాంకులకి ప్రతి 5 ఏళ్లకోసారి హైడ్రో టెస్ట్ తప్పనిసరి. ఏడాదికోసారి లోపలా బయటా కంటితో చూసి పరీక్షించడం డైవింగ్ రంగంలో పాటించే పద్ధతి. వేరే దేశంలో గడువులు వేరుగా ఉండొచ్చు, మీరున్న చోటి నియమమే మీకు నియమం.

ట్యాంక్‌ని నీటి తొట్టిలో ఉంచి, లోపల నీటితో పని పీడనానికి 5/3 వంతు దాకా ఒత్తిడి పెడతారు. 2,250కి అది 3,750 పీఎస్‌ఐ. ట్యాంక్ ఎంత ఉబ్బిందో, ఒత్తిడి తీశాక ఎంత వెనక్కి రాలేదో కొలుస్తారు. మొత్తం ఉబ్బులో తిరిగి రాని భాగం 10 శాతం దాటితే ట్యాంక్ పని అయిపోయినట్టే.

‘+’ గుర్తు కావాలంటే ట్యాంక్ ఇచ్చేటప్పుడే అడగండి. దానికి ఇంకో లెక్క చూడాలి, అడక్కపోతే చాలామంది చూడరు. ఒకసారి ముద్ర పడ్డాక తర్వాత వెళ్లి గుర్తు వేయమంటే కుదరదు, మళ్లీ టెస్టే.

ట్యాంక్ తిరిగి రాగానే అదే రోజు లోపల చూడండి. సరిగ్గా ఆరబెట్టకుండా ఇచ్చేసినవి చాలా చూశాను. తడి ఉంటే 5వ భాగంలోని ఆరబెట్టే వరస మళ్లీ మొదటినుంచి.

## 7. వాల్వ్‌ని బాగుచేయడం

ట్యాంక్ పరీక్షలో నెగ్గాకే వాల్వ్ మీద డబ్బు పెట్టండి. విప్పేముందు ఫోటోలు తీయండి. ప్రతి భాగం వచ్చిన వరసలోనే తెల్ల గుడ్డ మీద పేర్చండి. జే-వాల్వ్‌లో స్ప్రింగు, మూత, వాషర్లు ఎక్కువ, ఒక్క సన్న వాషర్ పోయినా రిజర్వ్ పనిచేయదు.

క్రోమ్ పూసిన ఇత్తడి మీది పచ్చటి చిలుము పోవడానికి గోరువెచ్చటి నీళ్లు, తెల్ల వెనిగర్ సమానంగా కలిపి నానబెట్టండి. 10 నుంచి 15 నిమిషాలు చాలు. మరిచిపోయి రాత్రంతా వదిలేస్తే ఇత్తడిలోని జింకు కరిగిపోయి పైన గులాబి రంగు తేలుతుంది. ఆ భాగం బలం కోల్పోయింది, మార్చాల్సిందే. తీశాక వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి.

మార్చాల్సినవి, బాగున్నట్టు కనిపించినా సరే:

- మెడ ఓ-రింగ్. 3/4 నిటారు మరకి 214 సైజు.
- యోక్ ముఖం మీది ఓ-రింగ్. సాధారణంగా 014, గట్టి రకం.
- హ్యాండ్‌వీల్ కాడ ప్యాకింగ్, టెఫ్లాన్ వాషర్లు.
- మూసే సీటు. దాని మీద లోతుగా వలయం ముద్ర పడి ఉంటే అందుకే హ్యాండ్‌వీల్ అంత గట్టిగా తిప్పాల్సి వస్తోంది.
- బర్స్ట్ డిస్క్, దాని వాషర్, దాని ప్లగ్. మూడూ కలిపి ఒకే సెట్‌గా.

బర్స్ట్ డిస్క్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే పాత ట్యాంకులు బాగుచేసేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది దీనిలోనే. ఇది నాణెం కంటే చిన్న రాగి బిళ్ల. పీడనం హద్దు దాటితే ట్యాంక్ పగలకముందే ఇది చిట్లి గాలి వదిలేస్తుంది. దీని రేటింగ్ ట్యాంక్ పరీక్ష పీడనాన్ని మించకూడదు. స్టీల్ 72కి అది 3,750. మామూలు 3,000 పీఎస్‌ఐ అల్యూమినియం ట్యాంక్ పరీక్ష పీడనం 5,000, దాని వాల్వ్‌లో డిస్క్ కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. ఆ వాల్వ్ తీసి స్టీల్ 72కి బిగిస్తే మర సరిగ్గా పడుతుంది, గాలి కారదు, అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ కాపాడాల్సిన బిళ్ల కాపాడదు.

గాలి కారుతోందని రెండు డిస్కులు ఒకదాని మీద ఒకటి పెట్టడం ఇంకా పెద్ద తప్పు. పాత ప్లగ్‌లలో కొన్నిటికి ఒకే బెజ్జం ఉంటుంది. అది చిట్లితే గాలి ఒకవైపే తన్ని ట్యాంక్‌ని గిరగిరా తిప్పేస్తుంది. చుట్టూ బెజ్జాలున్న కొత్త రకం వేయించండి.

వాల్వ్ కొత్తది కొనే పనైతే ఇంకో ప్రాణాంతక పొరపాటు గురించి తెలుసుకోవాలి. ఎం25×2 అనే మెట్రిక్ మర వాల్వ్ 3/4 ఎన్‌పీఎస్‌ఎం ట్యాంక్‌లో కొంత వదులుగా దిగుతుంది, పట్టినట్టే అనిపిస్తుంది. నింపేటప్పుడు ఊడి ఎగిరిపోతుంది. వాల్వ్ మీద గుద్దిన మర పేరు చదవకుండా బిగించకండి. చేతికి ఊగినట్టు తెలిస్తే అది ఆ ట్యాంక్‌ది కాదు.

## 8. ఇప్పుడు రంగు

బూట్ బిగుసుకుపోయి ఉంటే వేడి సబ్బు నీళ్లలో నానబెట్టి మెల్లగా లాగండి. బూట్ కింద, పాత ఇనప పట్టీ కింద, వినైల్ పూత కింద తుప్పు గుంతలు దాక్కుంటాయి. నిజానికి వీటిని హైడ్రోకి ముందే చూసి ఉండాలి.

పాత రంగుని ద్రావకంతో, ప్లాస్టిక్ గీకుడు పలకతో తీయండి. గాల్వనైజ్ చేసిన ట్యాంక్ అయితే మిగిలిన జింకు పొరని గీకేయకండి, అది ఉక్కుని కాపాడుతోంది. బయటపడ్డ ఉక్కు మీద జింకు ఎక్కువున్న ప్రైమర్, దాని మీద ఎపాక్సీ రంగు, ఒక్కో కోటు పల్చగా. ముద్రల మీద ఒకటే పల్చటి కోటు, చదవడానికి వీలుగా. పొయ్యిలో కాల్చే పౌడర్ కోటింగ్ వద్దు, కారణం 3వ భాగంలో చెప్పిందే.

కొత్త బూట్ వేస్తే అడుగున నీరు కారిపోయే గాళ్లు ఉన్నది తీసుకోండి.

## 9. బిగించి, కారడం లేదని తేల్చుకోవడం

మెడ గాడిని కర్ర పుల్లకి చుట్టిన గుడ్డతో తుడవండి. ఓ-రింగ్‌కి సిలికాన్ గ్రీజు తళుక్కుమనేంత రాస్తే చాలు. ఈ ట్యాంక్‌ని మామూలు గాలికే వాడుతున్నాం అనుకుని ఈ మాట చెబుతున్నాను. ఆక్సిజన్ కలిపి నింపే నైట్రాక్స్‌కి సిలికాన్ గ్రీజు అగ్ని ప్రమాదం. దానికి ట్యాంక్, వాల్వ్ రెండూ ఆక్సిజన్‌కి తగ్గట్టు ప్రత్యేకంగా శుభ్రం చేయించాలి.

వాల్వ్‌ని చేత్తోనే చివరిదాకా తిప్పండి. సగంలో పట్టేస్తే మర తప్పింది, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి. కూర్చున్నాక వాల్వ్ తయారీదారు చెప్పిన బిగింపు ఇవ్వండి. గాలిని ఆపేది ఓ-రింగే, కండబలం కాదు.

ముందు 200 పీఎస్‌ఐ మాత్రమే నింపించి మెడ, కాడ, బర్స్ట్ ప్లగ్ దగ్గర సబ్బు నురుగు రాయండి. బుడగ లేకపోతే పూర్తిగా నింపించి, నీటి తొట్టిలో ముంచి చూడండి. తర్వాత రెండు రోజులు వదిలేసి గేజ్ పెట్టండి. ఒక డిగ్రీ సెల్సియస్ చల్లబడితే నిండు ట్యాంక్‌లో సుమారు 8 పీఎస్‌ఐ తగ్గుతుంది. 10 డిగ్రీల తేడాకి 80 తగ్గితే అది కారడం కాదు.

## 10. నింపించేటప్పుడు

ఇప్పటి ఆపరేటర్ల చేయి 3,000కి అలవాటుపడింది. స్టీల్ 72 చూసి అల్యూమినియం అనుకునే ప్రమాదం ఉంది. అందుకే ట్యాంక్ మెడకి పెద్ద అక్షరాల చీటీ కట్టండి: ‘స్టీల్, 2,250’ లేదా ‘2,475’. నోటితోనూ చెప్పండి.

జే-వాల్వ్ లీవర్ కిందికే ఉండాలి. పైకి ఉంటే స్ప్రింగు మూత గాలిని లోపలికి పోనివ్వదు.

నింపే గొట్టం తగిలించేముందు వాల్వ్‌ని ఒక్క క్షణం తెరిచి గాలి వదలండి, గొట్టాన్ని కూడా వదిలించమనండి. వాల్వ్ బెజ్జంలో నిలిచిన ఒక్క సముద్రపు నీటి చుక్క నింపే గాలితో కలిసి నేరుగా లోపలికి వెళ్తుంది. స్టీల్ ట్యాంకుల్లోకి ఉప్పు నీరు ఎక్కువగా చేరేది ఈ దారినే.

నిమిషానికి 300 నుంచి 600 పీఎస్‌ఐ మించకుండా నెమ్మదిగా నింపించండి. గబగబా నింపితే వేడెక్కుతుంది, చల్లారాక పీడనం పడిపోయి సగం సంతోషమే మిగులుతుంది.

## 11. నీళ్లలో మొదటిసారి

నిండు ట్యాంక్‌లోని గాలి బరువే సుమారు రెండున్నర కిలోలు. డైవ్ చివరికి మీరు అంత తేలికవుతారు. అల్యూమినియం ట్యాంక్‌తో పెట్టుకునే సీసం బరువుతోనే దిగితే ఎక్కువవుతుంది. లోతు లేని చోట, ట్యాంక్‌లో 35 బార్ మాత్రమే ఉండగా, 5 మీటర్ల దగ్గర నిలకడగా ఆగగలుగుతున్నారో చూసి సీసం తగ్గించుకోండి.

జే-వాల్వ్ ఉన్నా గేజ్ లేకుండా దిగకండి. లీవర్ తాడుకో రాయికో తగిలి ఎప్పుడు కిందికి వచ్చిందో మీకు తెలియదు. రిజర్వ్ ఉందనుకుని ఉన్నదంతా పీల్చేస్తారు. దిగేముందు లీవర్ పైకి, డైవ్ మధ్యలో రెండు మూడుసార్లు చేత్తో తడిమి చూడటం అలవాటు చేసుకోండి.

పాత రెండు గొట్టాల రెగ్యులేటర్ వాడేవాళ్లు ట్యాంక్‌ని మామూలుకంటే కిందికి కట్టండి. రెగ్యులేటర్ రెండు భుజపు ఎముకల మధ్యకి, వీపుకి దగ్గరగా రావాలి. మెడ వెనక పైకి పోయిందంటే శ్వాస తీసుకోవడం బరువవుతుంది. పాతవాటిలో గేజ్‌కి రంధ్రం ఉండదు కాబట్టి యోక్ దగ్గర తగిలించే ప్రత్యేక అమరిక వేయించుకోవాలి.

దిగేముందు చూసుకోవాల్సినవి:

- హైడ్రో తేదీ 5 ఏళ్లలోపు, ఏటా చూసే పరీక్ష గడువులోపు.
- గేజ్‌లో పీడనం ట్యాంక్ ముద్రతో సరిపోతోంది.
- గాలికి వాసన లేదు.
- యోక్ ఓ-రింగ్ గాడిలో సరిగ్గా కూర్చుంది.
- లీవర్ పైకి, కడ్డీ ఎక్కడా పట్టుకోకుండా ఉంది.
- పట్టీ తడిపి బిగించారు, ట్యాంక్ జారడం లేదు.

## 12. డైవ్ తర్వాత

చివరి గాలి దాకా పీల్చేయకండి. కాస్త పీడనం మిగిల్చి వాల్వ్ మూస్తే నీరు లోపలికి రాదు. మంచినీళ్లతో కడిగి, బూట్ వదులు చేసి దాని కింద కూడా నీళ్లు పోయండి. నెలకోసారి బూట్ పూర్తిగా తీసి అడుగు చూడండి.

కొన్ని నెలలు వాడబోకపోతే 200 నుంచి 300 పీఎస్‌ఐ ఉంచి, నిటారుగా, పడిపోకుండా కట్టి, పొడి చోట పెట్టండి. నిటారుగా ఎందుకంటే, ఎక్కడో ఒక చుక్క మిగిలినా అది మందంగా ఉండే అడుగున చేరుతుంది. పడుకోబెడితే అదే చుక్క పల్చటి గోడ వెంట గీతలా పరుచుకుని తుప్పు పట్టిస్తుంది. మళ్లీ వాడేముందు ఆ పాత గాలి వదిలేసి, కొత్తగా నింపించండి.

రెగ్యులేటర్ విప్పిన ప్రతిసారీ దాని మొదట్లో ఉండే చిన్న ఫిల్టర్ రంగు చూడండి. బూడిద రంగులో ఉంటే సరే. ఎర్ర పొడి కనబడితే ట్యాంక్ లోపల మళ్లీ తుప్పు మొదలైంది. ఏడాది గడువు దాకా ఆగకుండా అదే వారం వాల్వ్ విప్పించి చూపించండి.